తలెత్తని పిల్ల

నా కూతురి పాపిట ఎలా ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. నుదుటి దగ్గర కాస్త ఎడమకు ఒరిగి, నడినెత్తికి వచ్చేసరికి తిన్నగా అవుతుంది. వెనక ఒక సుడి ఉంది. కళ్ళ సంగతి అడిగితే మాత్రం తడుముకోవాలి. వారానికోసారి హాస్టల్ నుంచి ఇంటికొచ్చే పిల్ల, వచ్చిన దగ్గర్నుంచి పోయేదాకా ఫోన్ మీదికి తల వంచుకునే ఉంటుంది. ఎదురుగా కూర్చున్న నాకు కనిపించేది ఆ పాపిటే.

నేను హిందూపురంలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. తను పెనుకొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. రైలెక్కితే గంట కూడా పట్టని దూరం. ఇక్కడే చేరమంటే “నీ కాలేజీలో నేను చదవను” అంది. ఎందుకని అడిగితే ఫోన్‌లోకి తల దించుకుంది. హాస్టల్ ఫీజు కట్టి, బకెట్టు, పరుపు కొనిచ్చి నేనే దింపి వచ్చాను.

నాకు కోపం ఎక్కువ. క్లాసులో బల్ల కింద ఎవరి ఒళ్ళో వెలుతురు కనిపించినా ఆ ఫోన్ నా సంచీలోకి వచ్చేస్తుంది. సాయంత్రం తిరిగి ఇచ్చేముందు ఒక పద్యం అప్పజెప్పించుకుంటాను. నా మూలంగా పద్యాలు నేర్చుకున్నవాళ్ళు హిందూపురంలో కొద్దిమంది కాదు. ఇంతమందిని అదిలించే నేను కూతురి ముందు మాత్రం కుక్కిన పేనులా ఉంటాను. ఫోన్ పక్కన పెట్టమ్మా అని ఒక్కసారి గట్టిగా అనడానికి కూడా నాకు ముఖం చెల్లదు. ఎందుకు చెల్లదో నాకు తెలుసని అనుకునేదాన్ని. సగమే తెలుసని ఈ ఏడాది అర్థమైంది.

నాకు కావలసింది ఒక్కటే. ఆ పిల్ల ఒక్కసారి తలెత్తి, నా ముఖం చూసి, తనకేం కష్టమో చెప్పాలి. కష్టం ఉందని మాత్రం నాకు తెలుస్తూనే ఉంది. స్నానానికి పోయినా ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి తీసుకుపోతుంది. రాగిముద్ద తింటూ కుడిచేతిని సాంబారులో పెట్టుకుని ఎడమచేత్తో వేలు జరుపుతూ ఉంటుంది. ఎవరికో మెసేజ్ పెడుతుంది, చూశారా లేదా అని నిమిషానికోసారి చూసుకుంటుంది. చూసి కూడా జవాబు ఇవ్వకపోతే పెదవి కొరుక్కుంటుంది. నాకు మాత్రం వారం మొత్తానికి ఒక్క అక్షరం పంపుతుంది. తిన్నావా అని నేను నాలుగుసార్లు అడిగితే ఐదోసారికి “ఊ” అని వస్తుంది.

హాస్టల్‌లో తన గదిలో ఉండే అమ్మాయి బత్తలపల్లి వైపు పిల్ల. మొదటి సంవత్సరమంతా ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారు. రెండో సంవత్సరం మొదట్లో ఆ పిల్ల గది మార్చుకుంది. ఒకసారి నేను హాస్టల్‌కు పోయినప్పుడు మెట్ల దగ్గర కనిపిస్తే ఏమైందమ్మా అని అడిగాను.

“మంచిదే ఆంటీ, చానా మంచిది. కానీ నేను తలకు పోసుకుంటాన్నా ఫోన్ చేస్తాది. ఎత్తకపోతే ఇరవై సార్లు చేస్తాది. ఎత్తితే ఏం మాట్లాడదు. ‘ఉండావా’ అంటాది, అంతే. నాకు ఊపిరాడలేదు ఆంటీ” అంది.

ఉండావా. ఆ ఒక్క మాట రైలు దిగేదాకా నా చెవిలోనే ఉండిపోయింది.

ఆ నెలలోనే మా కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే అమ్మాయి నా దగ్గరికి ఒక కాగితాల కట్ట తెచ్చింది. వయసులో నాకన్నా చాలా చిన్నది, అక్కా అని పిలుస్తుంది. విద్యార్థుల ఫోన్ పిచ్చికీ, చిన్నప్పుడు వాళ్ళు పెంచినవాళ్ళకు ఎలా అంటిపెట్టుకున్నారన్నదానికీ ఏం సంబంధం ఉందో పరిశీలిస్తోంది. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. మన పిల్లలకు అర్థమయ్యేలా తెలుగు చేయమంది. తను చేసుకొచ్చిన అనువాదం కూడా చూపించింది. దాంట్లో “అనుబంధ శైలి” అని ఉంది.

“ఇది చూసి మన పిల్లలు వ్యాస రచన అనుకుంటారమ్మా” అన్నాను.

“అందుకే కదక్కా నీ దగ్గరికొచ్చింది” అని నవ్వింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది. “కొందరికి ఎదుటివాళ్ళు యాడ వదిలేసిపోతారో అని ఎప్పుడూ భయం. వాళ్ళు ఫోన్ వదలరు. కొందరికి ఎవరినీ దగ్గరికి రానియ్యాలంటే భయం. వాళ్ళూ వదలరు, ఫోన్ చాటున దాక్కుంటారు. ఒక్కోరు కొందరి దగ్గర అట్ల, కొందరి దగ్గర ఇట్ల ఉంటారు.”

నేను తల ఊపాను. కూతురి పేరు ఎత్తలేదు. ఆ ప్రశ్నలను పదిరోజులు కూర్చుని, మా పిల్లలు మాట్లాడుకునే మాటల్లోనే రాశాను. “నీకు కావలసినోళ్ళు ఫోన్ ఎత్తకపోతే నీకు ఏమనిపిస్తాది?” “కష్టమొస్తే మొదట ఎవరికి చెప్పుకుంటావు?” ఇలా సాగాయి. చివర నా సొంత ప్రశ్న ఒకటి చేర్చాను. “ఫోన్ పక్కన పెట్టాలంటే ఏమని భయం? నీ మాటల్లో రాయి.” ఎందుకు చేర్చావని ఆ అమ్మాయి అడిగితే, తెలుగు టీచర్‌ను కదా, నాలుగు వాక్యాలు రాయించకపోతే నిద్ర పట్టదన్నాను. అబద్ధం. ఒక్కరి జవాబు కోసం చేర్చాను.

కాగితాలు మూడు ఊళ్ళ కాలేజీల్లో పంచాలి. హిందూపురం, ధర్మవరం ఆ అమ్మాయి చూసుకుంటానంది. పెనుకొండకు నేను పోతానన్నాను.

అక్కడి హాలులో వెనక వరసలో నా కూతురు కూర్చుంది. నేను తన తల్లినని చాలామందికి తెలియదు, తను చెప్పలేదు. నేను ముందు నిలబడి అందరికీ చెప్పాను. “పేరు రాయొద్దండి. ఎవరిది ఏదో మాకు తెలీదు, తెలుసుకోం కూడా. ధైర్యంగా రాయండి.” ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు మామూలుగానే ఉంది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని కట్ట విప్పాను. నవ్వు తెప్పించే జవాబులు కొన్ని ఉన్నాయి. ఫోన్ లేకుండా ఎంతసేపు ఉండగలవని అడిగితే ఒకరు “ఛార్జింగ్ ఎక్కేంతసేపు” అని రాశారు. ఇంకొకరు “మా నాయన పెరుక్కున్నంతసేపు” అన్నారు. అలా తిప్పుతూ తిప్పుతూ నా కూతురి కాగితం దగ్గర ఆగాను. పలక మీద నేను చేయి పట్టి దిద్దించలేదు, మా అమ్మ దిద్దించింది. అయినా దాని రాత నాకు తెలుసు. ‘మ’కు కొమ్ము ఇచ్చేటప్పుడు కాస్త ఎక్కువ సాగదీస్తుంది.

కష్టమొస్తే మొదట ఎవరికి చెప్పుకుంటావన్న దానికి ఎదురుగా “చెప్పుకోను” అని ఉంది. చివరి ప్రశ్న కింద ఒకటే వాక్యం రాసింది.

“ఫోన్‌లోంచి తలెత్తితే ముందర మనిషి ఉండరని.”

ఆ వాక్యం మీదే వేలు పెట్టుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్న ఆమె నీళ్ళు కావాలా అని అడిగింది. హిందూపురం స్టేషన్లో అందరూ దిగిపోయాక దిగాను.

ఆ వాక్యం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. ధర్మవరంలో, మా అమ్మ ఇంట్లో పుట్టింది.

మాది నేతపని ఇల్లు. మా ఆయన వేరే కాపురం పెట్టుకున్నాక నేను నాలుగేళ్ళ పిల్లను తీసుకుని అమ్మ దగ్గరికి వచ్చేశాను. ఏడాది తిరక్కుండా హిందూపురంలో ఉద్యోగం దొరికింది. జీతం తక్కువ, రేపుంటుందో లేదో తెలియని ఉద్యోగం. ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి ఒక గదిలో ఉండేదాన్ని, సాయంత్రాలు పై చదువుకు కూర్చునేదాన్ని. పిల్లను అమ్మ దగ్గర వదిలాను. శనివారం వచ్చి ఆదివారం సాయంత్రం రైలుకు పోయేదాన్ని.

మొదటిసారి చెప్పే బయలుదేరాను. పిల్ల నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని గడప దాకా ఈడ్చుకుంటూ వచ్చింది. వేళ్ళు ఒక్కొక్కటే విడిపించాల్సి వచ్చింది. ఆ రోజు రైలు తప్పింది, మర్నాడు ప్రిన్సిపాల్ చేత తిట్లు తిన్నాను. రెండోసారి కూడా అంతే అయ్యింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అమ్మను కోప్పడ్డారు. “పోతాననేది పిల్లకు ఏంటికి చెప్తారమ్మా? ఏమన్నా చేతికిచ్చి మరిపించి పోవల్ల” అన్నారు. మా వైపు అందరూ చేసే పనే అది. పసిపిల్లకు చెప్పి పోవడం పాపమనీ, మరిపించి పోవడం దయ అనీ అనుకుంటాం.

నేను పాత టచ్ ఫోన్ ఒకటి కొన్నాను. బజార్లో మెమరీ కార్డులో పిల్లల పాటలు, బొమ్మలు ఎక్కించి ఇచ్చేవాళ్ళు. ఆదివారం సాయంత్రం పిల్లను గోడకు ఆనించి కూర్చోబెట్టి, ఫోన్ చేతికిచ్చి, పాట పెట్టేదాన్ని. పిల్ల తల వంచుకునేది. చెప్పులు చేత్తో పట్టుకుని వీధి మొదటిదాకా వట్టికాళ్ళతో నడిచేదాన్ని. తలుపు గొలుసు చప్పుడుకు పిల్ల తిరిగి చూస్తుందేమోనని అమ్మ ఒక ఉపాయం చేసింది. ఆదివారం సాయంత్రం మా ఇంట్లో మగ్గం ఆడదు. వారమంతా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషికి ఆ ఒక్కపూటే నడుము వాల్చే వీలు. అయినా నేను సంచీ అందుకోగానే అమ్మ లేచి మగ్గంలో కూర్చుని టకటకా నాలుగు పోగులు నేసేది. ఆ చప్పుడులో గొలుసు చప్పుడు కలిసిపోయేది.

ఒక్కసారి కూడా పిల్ల తలెత్తలేదు. ఉపాయం పారిందని నేనూ అమ్మా ఎంత సంబరపడ్డామో! తర్వాత ఏడ్చిందా అని ఫోన్లో అడిగితే “లేదులే, ఆడుకుంటాండాది” అనేది అమ్మ. వచ్చే ఏడు తీసుకొస్తాను, వచ్చే ఏడు తీసుకొస్తాను అంటూ ఇంటర్ దాకా అక్కడే ఉంచేశాను. ఉద్యోగం ఖాయమయ్యాక కూడా తేలేదు. అప్పటికి పిల్ల అమ్మకు అలవాటైంది, అమ్మ పిల్లకు అలవాటైంది, నిజం చెప్పాలంటే నేను ఒంటరితనానికి అలవాటయ్యాను. రెండేళ్ళ కిందట అమ్మ పోయింది. ఆ తర్వాతే నా కూతురు నా ఇంటికి వచ్చింది, కొన్ని నెలలే ఉండి పెనుకొండకు పోయింది.

ఆ కాగితం చదివిన వారం శనివారం తను ఇంటికి వచ్చింది. ఆదివారం పొద్దున్న రాగిముద్ద, చెనిగ్గింజలు నూరి ఊరిబిండి పచ్చడి చేశాను. తనకు ఇష్టం. ఎదురుగా కూర్చున్నాను. ఏమీ తెలియనట్టు ఉండాలని రాత్రే ఒట్టు పెట్టుకున్నాను. ఉండలేకపోయాను.

“నేను యాడికీ పోనమ్మా” అన్నాను.

వేలు ఆగింది. తల మాత్రం లేవలేదు.

“నువ్వు ఎప్పుడు తలెత్తినా ముందర నేనుంటా. భయపడాకు.”

తెర మీద వేలు మళ్ళీ కదిపి అడిగింది. “నా కాగితం చదివినావా?”

అబద్ధం చెప్పొచ్చు. “చదివినా” అన్నాను.

“పేర్లుండవంటివి. ఎవరిదేదో తెలుసుకోమంటివి. అందరి ముందర నిలబడుకొని చెప్తివి కదా” అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. మెత్తగా, అలవాటైనదాన్ని ఇంకోసారి చూసినట్టు అంది. “మళ్ళీ మరిపించినావు.”

నాకు ఏడుపు పొంగుకొచ్చింది. ఇన్నేళ్ళూ చెప్పాలనుకుని చెప్పలేనిదంతా ఒక్కసారిగా కక్కేశాను. చెప్పకుండా పోవడం తప్పే, చేతిలో ఫోన్ పెట్టి దొంగలా పోవడం తప్పే, తలెత్తి చూసి నేను లేనని తెలిసినప్పుడు ఆ పసిప్రాణం ఎంత బెదిరిందో తలచుకుంటే నాకు ముద్ద దిగదు, నన్ను క్షమించమ్మా అన్నాను. తల్లి కూతుర్ని క్షమించమని అడగకూడదంటారు. అడిగాను. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకునేదాన్ని.

తను చేయి కడుక్కోలేదు. ఎండిపోతున్న వేళ్ళను పళ్ళెం అంచున పెట్టి, ఫోన్ వైపే చూస్తూ చెప్పింది.

“చెప్పకుండా యాడ పోతివి నువ్వు? నాకు తెలుస్తానే ఉండె.”

“ఏం తెలుస్తాండె?”

“ఆదివారం మగ్గం ఆడదు కదమ్మా. ఆడిందంటే నువ్వు పోతాండావని. అవ్వ మగ్గంలోకి దిగంగానే నాకు తెలిసిపోతాండె.”

ముగ్గురిలో మోసపోయింది ఎవరో అప్పుడు అర్థమైంది. గొలుసు వినబడకుండా మేము వాయించిన మగ్గమే వారం వారం పిల్లకు చెప్పేసింది. పుట్టినప్పట్నుంచి ఆ చప్పుడు వింటూ పెరిగిన నేతపని ఇంటి పిల్లకు, మగ్గం ఎప్పుడు ఆడుతుందో ఎప్పుడు ఆడదో తెలియదని ఎలా అనుకున్నామో! నేసేవాళ్ళం మేమే అనుకున్నాం తప్ప, వినే చెవి ఒకటి ఉందని మాకు తట్టలేదు.

“మరి తెలిసి…” అన్నాను. మళ్ళీ అడిగాను. “తెలిసి ఒక్కసారన్నా తలెత్తి చూళ్ళేదేంటికమ్మా? ఒక్కసారి చూసింటే నేను…”

“అందుకే చూళ్ళేదు” అంది. “నేను చూస్తే నువ్వు పోలేవు. అంతకుముందు రెండుసార్లు ఏడిస్తే నీకు రైలు పోయింది, సార్ తిట్టినాడని అవ్వతో చెప్పి ఏడ్చినావు. నేను ఆడనే పండుకోనుంటి. ఉద్యోగం పోతే ఎట్లమ్మా అని ఏడ్చినావు. అందుకని తల వంచుకొనుంటి. పాట అయిపోయినా వంచుకోనే ఉంటి. మగ్గం నిలిచిపోయేదాకా ఎత్తకూడదు అనుకుంటాంటి.”

ఐదేళ్ళ పిల్ల. నేను దాన్ని మరిపించి పోతున్నానని మురిసిపోయాను. అది నన్ను సాగనంపింది. ప్రతి ఆదివారం, పాట అయిపోయిన ఫోన్‌లోకి చూస్తూ, మెడ నొప్పి పుట్టినా కదలకుండా, తల్లి రైలు తప్పకూడదని కూర్చుంది. నా ఉద్యోగం, నా చదువు, ఈ ఇల్లు, క్లాసులో నేను చూపించే ఈ దర్జా అంతా ఆ వంచిన తల మీద నిలబడింది. నాకు తెలియదు. అమ్మకు తెలిసిందో లేదో అడుగుదామంటే అమ్మ లేదు.

లేచి పోయి దాని పక్కన కూర్చున్నాను. భుజం మీద చేయి వేస్తే తీసేయలేదు. దగ్గరికీ జరగలేదు. ఒళ్ళు బిగుసుకుని ఉంది. గడ్డం పట్టుకుని ముఖం నా వైపు తిప్పుకోవాలనిపించింది. ఎవరైనా తల్లి అదే చేస్తుంది. నా చేయి లేవలేదు.

“ఇప్పుడు నాకు పోయే పని లేదు” అన్నాను. “రైలు లేదు, తిట్టేవాళ్ళు లేరు. ఇప్పుడన్నా తలెత్తమ్మా. ఒక్కసారి నన్ను చూడు.”

ఫోన్ తెర ఆరిపోయింది. దాని బొటనవేలు దానంతట అదే పోయి మళ్ళీ వెలిగించింది.

“అప్పుడు ఎత్తకూడదని ఎత్తలేదమ్మా” అంది. “ఇప్పుడు ఎత్తాలన్నా వస్తాలేదు.”

ఆ మాట కూడా ఫోన్‌లోకి చూస్తూనే అంది.